హేమరు పక్క నాలుగు వాటాలు

అప్పలసూరి ఆ ఇల్లు కొన్నాడంటే జంషెడ్‌పూర్ పక్క గోవింద్‌పూర్‌లో చాలామంది నమ్మలేదు. ఇల్లు కొనడం వింత కాదు, రిటైరైన ప్రతివాడూ ఏదో ఒకటి కొంటాడు. ఆ ఇల్లు కొనడమే వింత. రెండంతస్తులు, నాలుగు వాటాలు, మంచి బోరు, వెనక జామచెట్టు, ఇన్ని ఉండీ ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా పడి ఉందంటే ఏదో కారణం ఉండాలి కదా! ఆ కారణం వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది అప్పలసూరికీ, ఆయన భార్య కస్తూరమ్మకీ మాత్రమే.

పోనీ మనిషి అమాయకుడా అంటే, అదీ కాదు. లారీల కంపెనీ ఫోర్జు షాపులో ముప్ఫై ఏళ్ల పైచిలుకు హేమరు మీద పనిచేసినవాడు. నిప్పులా కాలిన ఇనుప ముద్దను అచ్చులో పెట్టించి, పైనుంచి టన్నుల బరువు దించి, లారీ ఇరుసుకు కావలసిన ముక్కగా మార్చే పని. అలాంటివాణ్ణి మోసం చేయడం తేలిక కాదు. ఎవరూ చేయలేదు కూడా.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. ఎక్కడికి వెళ్లాలన్నదే ఇంట్లో గొడవ. ఇచ్ఛాపురం దగ్గర సొంతూళ్లో ఉన్న తమ్ముడు "వచ్చెయ్ అన్నా" అంటూ రోజూ ఫోన్ చేసేవాడు. అప్పలసూరికి మనసు అటే లాగేది. కస్తూరమ్మకి మాత్రం ఆ ఫోన్ మోగితేనే ఒళ్లు మండేది. ఆవిడ టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టింది, టెల్కో కాలనీ క్వార్టరులో కాపురం చేసింది. అత్తవారి ఊరంటే పెళ్లికో కర్మకో వెళ్లి వచ్చే చోటు, అంతే. ఈ వయసులో వెళ్లి తోడికోడలి వంటింట్లో ఓ మూల నిలబడి, ఉప్పు డబ్బా ఎక్కడుందమ్మా అని అడుక్కుంటూ బతకడం తన వల్ల కాదని భర్త మొహం మీదే చెప్పేసింది.

చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. నాలుగు వాటాల ఇల్లు కొని, ఒకదాంట్లో తాము ఉండి, మూడు అద్దెకివ్వాలి. ఆ అద్దెల మీదే ఇల్లు గడవాలి. దసరాలోపు మూడూ నిండకపోతే మాత్రం ఇల్లు అమ్మేసి ఊరెళ్లిపోవాలి. కస్తూరమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సరేనంది. ఇంత పెద్ద ఊళ్లో అద్దెకు మనుషులు దొరకరా, విడ్డూరం కాకపోతే!

ఇల్లు చూపించింది దాని యజమాని, సీతారామరావనే బట్టల వ్యాపారి. ఇంటి వెనక సందు దాటితే చిన్న ఫోర్జింగ్ కార్ఖానా ఒకటి ఉంది. వీళ్లు వెళ్లిన వేళకి అక్కడ హేమరు జోరుగా కొడుతోంది. సీతారామరావు మాట మొదలుపెట్టి, ధబ్బున దెబ్బ పడగానే ఆగి, ఆ తర్వాత మిగతా సగం చెబుతున్నాడు. చెబుతూనే వీళ్ల మొహాల్లోకి దొంగచూపులు చూస్తున్నాడు. అప్పలసూరి గోడలు తట్టాడు. మెట్లు ఎక్కి దిగాడు. బోరు మోటారు వేయించి దోసిట పట్టి నీళ్లు తాగాడు. స్విచ్‌బోర్డు విప్పించి తీగలు చూశాడు. కస్తూరమ్మ వంటగట్టు ఎత్తు తన నడుముకి సరిపోతుందో లేదో చూసుకుంది.

"ఇంకేటైనా అడుగుతారేటండీ?" అన్నాడు సీతారామరావు, నుదురు తుడుచుకుంటూ.

"అడగడానికేటుందండీ! జాగా మాత్రం మంచి శాంతంగా ఉంది," అన్నాడు అప్పలసూరి.

సీతారామరావు మొహం పాలిపోయింది. బేరగాళ్లను ఎంతోమందిని చూశాడు గానీ, మొహంలో నవ్వు కూడా లేకుండా ఇంత నున్నగా చురక అంటించినవాణ్ణి చూడలేదు. ఏం చేస్తాడు, తనంతట తనే ధర దించాడు. అడక్కుండా ఎందుకు దించాడో అర్థంకాక అప్పలసూరి భార్య వైపు చూశాడు. ఒప్పేసుకోమన్నట్టు ఆవిడ కళ్లతోనే చెప్పింది. తిరిగి వెళ్తూ ఆటోలో ఇద్దరూ సీతారామరావుది ఎంత మంచి మనసో అని చెప్పుకున్నారు.

మొదట మేడ మీద ముందు వాటాలోకి చంద్రశేఖర్ అనే రైల్వే టికెట్ కలెక్టర్ దిగాడు. కొన్నాళ్లకే బదిలీ అయిందని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కస్తూరమ్మకి భుయ్యాడీహ్ బజారులో కనబడి, కూరగాయల బండి చాటుకు తప్పుకున్నాడు. రెండో వాటాలో దిగిన ఒడియా దంపతులు కారణం కూడా చెప్పకుండా ఖాళీ చేశారు. కస్తూరమ్మ గుమ్మానికి గుమ్మడికాయ కట్టించింది. అప్పటికీ లాభం లేకపోయేసరికి లోపం తన నోటిదే అనుకుంది. తనది కాస్త పెద్ద గొంతు. హేమరు పక్క క్వార్టరులో కాపురం చేసిన ఆడవాళ్లందరిదీ పెద్ద గొంతే. అందుకని అద్దెవాళ్ల ముందు గొంతు తగ్గించి మాట్లాడింది, వండిన ప్రతి కూరా పంపించింది. అయినా వాటాలు ఖాళీ అవుతూనే ఉన్నాయి.

ఆఖరికి కల్పన కూడా సామాను సర్దింది. బడిలో టీచరు, చంకలో పసివాడు. ఆ పిల్లాణ్ణి కస్తూరమ్మ సొంత మనవడిలా ఎత్తుకుని తిప్పింది. ఆటోలోకి మంచం ఎక్కుతుంటే ఇక ఆగలేక దారికి అడ్డంగా నిలబడింది.

"ఏటి లోపం సేసాం తల్లీ? నిజం సెప్పి ఎల్లు."

కల్పన ఆవిడ మొహంలోకి అనుమానంగా చూసింది. "ఆంటీ, మీరు నిజంగా అడుగుతున్నారా, నన్ను ఆటపట్టిస్తున్నారా? ఈ చప్పుడుకి పిల్లాడు ఒక్క పూటైనా కంటినిండా పడుకున్నాడా? నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తున్నాడు."

"ఏ సప్పుడు?"

వెనక ధబ్బుమంది. "ఇదే!" అంది కల్పన.

"ఇది సప్పుడేటమ్మా? హేమరు కదా!"

అనేశాక గానీ తను ఏమందో కస్తూరమ్మకి తెలియలేదు. కల్పన నవ్వలేక నవ్వి ఆటో ఎక్కింది.

ఇంట్లోకి వచ్చి చెబితే అప్పలసూరి విసుక్కున్నాడు. "హేమరు సప్పుడు సెయ్యక సంగీతం పాడతదేటి?" అని, తనలో తాను అనుకున్నట్టు, "అయినా ఈళ్లకి సేతగాదు. రెండో దెబ్బ తేలిపోతంది, సూడు," అన్నాడు. అంటే ఆయన రోజూ వింటూనే ఉన్నాడన్నమాట! కస్తూరమ్మకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆవిడా వింటూనే ఉంది మరి. క్వార్టరులో ఉన్నన్నాళ్లూ ఆ దెబ్బ వింటూనే వండింది, ఉతికింది, పిల్లను కని పెంచింది. దెబ్బ పడుతోందంటే అక్కడ మొగుడు నిలబడి ఉన్నాడని అర్థం. షిఫ్టు మధ్యలో హేమరు ఆగితే మాత్రం ఆ వరుసలో ఆడవాళ్లందరూ పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మాల్లోకి వచ్చేవారు. ఎవరికేమైందో అని గుండె చిక్కబట్టుకుని గేటు వైపు చూసేవారు. మళ్లీ ధబ్బుమంటే ఎవరింట్లోకి వాళ్లు వెళ్లిపోయేవారు. అటువంటిదాన్ని చప్పుడని ఎలా అంటారు? ఆ సంగతి కల్పనకి చెబుదామనుకుంది గానీ అప్పటికే ఆటో సందు దాటిపోయింది.

భాద్రపదం వచ్చింది. మూడు వాటాలూ ఖాళీ. అప్పలసూరి మాట ప్రకారం ఇల్లు అమ్మకానికి పెట్టాడు. రైల్వేలో పనిచేసే సాయిచంద్ అనే కుర్రాడు చూస్తానన్నాడు. భార్య యోగితకి నెలలు నిండుతున్నాయట, సొంత ఇంట్లోనే పురుడు పోసుకోవాలని ఆశట. అప్పలసూరి క్యాలెండరు చూసి వాళ్లను విశ్వకర్మ పూజనాడు రమ్మన్నాడు.

కస్తూరమ్మకి వెంటనే అర్థమైంది. ఆ రోజు జంషెడ్‌పూర్‌లో యంత్రాలకు పసుపూ కుంకుమా పెట్టి పూజ చేస్తారు. చిన్న కార్ఖానాల్లో ఇక ఏ యంత్రమూ తిప్పరు.

"సీతారామరావు మనకి హేమరు ఆపి సూపించాడేటండీ?" అంది.

"కొడతంటేనే సూపించాడు. మనకి తెలవలేదు, అది మన కర్మ. ఈళ్లకి తెలవకపోతే ఈళ్ల కర్మ."

"సిగ్గు నేదేటి ఆ మాట అనడానికి!"

"దసరా అని నువ్వే ఒప్పుకున్నావు," అన్నాడాయన, తలెత్తకుండా.

పూజనాడు పొద్దున్న కార్ఖానా నుంచి ఎవరో గిన్నెతో బూందీ ప్రసాదం తెచ్చి ఇచ్చారు. మైకులో పాటలు మధ్యాహ్నానికి ఆగిపోయాయి. ఆ తర్వాత ఇంటి చుట్టూ పరుచుకున్న నిశ్శబ్దానికి దంపతులిద్దరికీ అన్నం సహించలేదు. రోజూ భోంచేయగానే గురకపెట్టే అప్పలసూరి మంచం మీద అటూ ఇటూ పొర్లి, లేచి, వీధిలోకి వెళ్లి చూసి, మళ్లీ వచ్చి పడుకున్నాడు. "ఏటో బాగోనేదే," అన్నాడు. ఏమిటో ఆవిడకి తెలుసు.

సాయంత్రం ఆ జంట వచ్చింది. యోగిత ఆయాసపడుతూ మేడెక్కి, వెనక కిటికీ దగ్గర నిలబడి, పొట్ట మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుంది. "ఎంత ప్రశాంతంగా ఉందో ఆంటీ! మా స్టేషన్ పక్క క్వార్టరులో ఒకటే గోల," అంది. సాయిచంద్ బయానా కవరు జేబులోంచి తీశాడు. పళ్లెం తెమ్మని అప్పలసూరి భార్యకి చెప్పాడు.

కస్తూరమ్మ తమలపాకులతో పళ్లెం తెచ్చింది. తెచ్చింది గానీ కింద పెట్టలేదు.

"తల్లీ, ఇయాళ పూజని ఆగింది. ఎనక హేమరుంది, రోజంతా కొడతది. నువ్వు రేపు రా, ఇదే కిటికీకాడ నిల్చో. అప్పుడూ నచ్చితే ఇల్లు నీదే."

సాయిచంద్ కవరు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. యోగిత దిగి వెళ్తూ కస్తూరమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. రేపు రాదని ఆ పట్టులోనే తెలిసిపోయింది.

వాళ్లు గేటు దాటాక అప్పలసూరి అన్నాడు. "నీకు ఊరెల్లడం ఇష్టం నేదు. అందుకే కదా?"

"అందుకే."

"కడుపుతో ఉన్న పిల్ల మీద జాలేమో అనుకున్నాను."

"జాలీ ఉంది. ముందు నా గోడు, తరవాత జాలి. అబద్దం ఎందుకు సెప్పాలి?"

ఆయన ఫోన్ తీసి తమ్ముడికి పండగకి వచ్చేస్తున్నామని చెప్పాడు, ఆవిడకి వినబడేటట్టుగానే.

మర్నాడు పొద్దున్న హేమరు మొదలైంది. రాత్రంతా కన్ను మూయని అప్పలసూరి వరండా కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నోరు తెరిచి నిద్రపోయాడు. కస్తూరమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. కోపంగానే చూసింది గానీ, చూస్తుండగానే ఆవిడ బుర్రలో ఏదో వెలిగింది. ప్రసాదం గిన్నె కడిగి, చెప్పులేసుకుని, షిఫ్టు మారే వేళకి కార్ఖానా గేటు దగ్గరికి వెళ్లింది.

గిన్నె తిరిగి ఇవ్వడం ఒక వంక. లోపలికి వెళ్లేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ కలిసే చోట నిలబడి, తగ్గించుకున్న గొంతునంతా పైకి తీసి, "కిరాయే కా ఘర్ చాహియే కిసీకో? అద్దెకి ఇల్లు కావాలేటి ఎవరికైనా?" అని అరిచింది. డ్యూటీకి వెళ్తున్న సూరజ్ అనే కుర్రాడు సైకిలు ఆపాడు. మాటలో తెలుగువాళ్లబ్బాయే అని తేలింది. భుయ్యాడీహ్ నుంచి రోజూ తొక్కుకుంటూ వస్తున్నాడు, హేమరు మీదే పని. ఫోన్ చేసి చెబుతానని, భార్య వచ్చి చూస్తుందని అన్నాడు. వెనక ఇంకో ఇద్దరు కూడా వాటా ఎలా ఉంటుందని అడిగారు.

సూరజ్ భార్య తనూజ పొద్దువాలే వేళకి వచ్చింది. పై వాటాలో మూడు గదులూ తిరిగి, వెనక కిటికీ దగ్గర ఆగింది. కింద ధబ్బు ధబ్బుమని హేమరు కొడుతోంది. కస్తూరమ్మ ఈసారి దాచదలచుకోలేదు.

"ముందే సెప్తన్నాను తల్లీ. ఇది రోజంతా ఇలాగే కొడతది. నిద్ర పట్టదని అందరూ ఎల్లిపోతన్నారు."

"కొట్టేది ఆయనే కదా చాచీ," అంది తనూజ, కిటికీ ఊచలు పట్టుకుని. తర్వాత ఇటు తిరిగి, కాస్త భయంగా అడిగింది. "అగర్ బీచ్ మే రుక్ గయా, తో యహాఁ పతా చలేగా?"

మధ్యలో ఆగిపోతే ఇక్కడికి తెలుస్తుందా, అని.

కస్తూరమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "తెలుస్తది తల్లీ. నిద్రలో ఉన్నా తెలుస్తది," అంది.

కింద గేటు చప్పుడైంది. ఇంకో ఇద్దరాడవాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. కస్తూరమ్మ గబగబా మెట్లు దిగి, వరండాలో కునుకుతున్న మొగుడి భుజం పట్టి కుదిపింది.

"ఏటండీ, లెగండి. తాళాలియ్యండి. మీ తమ్ముడికి ఫోన్ సేసి పండగకి రావట్లేదని సెప్పండి."