మెడ విరిగిన నెమలి

"నీ గీతే తప్పింది. రేపట్నుంచి రావద్దు," అన్నాడు నాగభూషణం, పట్టుచీర కొంగును టేబుల్ మీద పరిచి. దాన్ని నేసిన కొండప్ప గడప దగ్గర నిలబడి నీలావతిని కోపంగా చూస్తున్నాడు.

నీలావతికి ఒళ్ళు మండింది. ధర్మవరంలో నాగభూషణం పెట్టిన ఈ డిజైన్ సెంటర్‌లో, యూనిక్స్ కంప్యూటర్ మిషన్ల ముందు కూర్చుని ఆరేళ్ళుగా గళ్ళల్లో కొంగు డిజైన్లు గీస్తోంది. ఒక్క గడి తప్పలేదు. ఇప్పుడీ కొంగులో నెమలి మెడ పక్కకు జరిగి విరిగినట్టుంది.

పోయిన సోమవారమే బెంగళూరు నుంచి శివప్రసాద్ అనే ఇంజనీరు వచ్చి కొత్త ప్రింటింగ్ సిస్టమ్ వేశాడు. హిందూపురం, పెనుకొండ బ్రాంచీల్లో మౌస్ నొక్కినా ధర్మవరంలో ప్రింటు వస్తుందన్నాడు. పాతదాంట్లో కమాండ్ కొట్టాలి. కానీ పంపింది పంపినట్టే అచ్చయ్యేది. ఏది కావాలో రోజూ ప్రింట్లు తీసే నీలావతిని ఎవరూ అడగలేదు.

ఉద్యోగం పోతే పోనీ, చేయని తప్పు మోయదల్చుకోలేదామె. మూలనున్న మిషన్ దగ్గరకు నడిచింది. దుమ్ముకొట్టుకుపోయిందని శివప్రసాద్ దాన్ని ముట్టలేదు; పాత సిస్టమ్ అందులో అలాగే ఉంది. అదే డిజైన్‌ను అందులోంచి ఒకటి, కొత్త సిస్టమ్‌లోంచి ఒకటి ప్రింటు తీసి, ఇంకా ఊళ్ళోనే ఉన్న శివప్రసాద్‌ను, ఓబుళప్పను పిలిపించింది.

కాగితం మీది డిజైన్ చూసి మగ్గానికి, నేతలో బొమ్మ దించే చిల్లుల అట్టలు కొట్టేది ఓబుళప్పే. ఆయన గళ్ళు లెక్కపెట్టడు. గడికొక గాటు పెట్టిన తండ్రి నాటి వెదురుబద్దను కాగితం మీద ఆనించి, ఒక్కో గాటుకు ఎదురుగా ఉన్న గడి చూసి అట్టకు చిల్లు పొడుస్తాడు.

పాత ప్రింటు మీద వందో గాటు వందో గడికే తగిలింది. కొత్తదాని మీద నూటమూడో గడికి పోయింది.

"ఏమప్పా ఇంజనీరూ, కాగితంలో బొమ్మ కుదించినావా?" అన్నాడు ఓబుళప్ప.

అంచులు తెగిపోకుండా పేజీలో పట్టేలా కాస్త చిన్నది చేసే ఏర్పాటు పెట్టానని, ఆఫీసుల్లో అందరూ అలాగే వాడతారని శివప్రసాద్ నసిగాడు.

"ఆఫీసు ఉత్తరాలు కాదు ఈడ తీసేది," అంది నీలావతి. "ఆ మూడు గళ్ళే నెమలి మెడ ఇరిచినాయి."

నాగభూషణం ఎదుటి కుర్చీ చూపించాడు. "కూర్చోమ్మా. ఏది ఉంచాల్నో నువ్వే చెప్పు."

ఆమె కూర్చోలేదు.

"ఈ మాట సోమవారం అడిగింటే చీర మిగిలేది సార్. బ్రాంచీలకు కొత్తది పెట్టుకోండి, డిజైన్లకు పాతదే ఉండల్ల. ముందు నా గీత తప్పలేదని కొండప్పకు మీ నోటితో చెప్పండి."

నాగభూషణం కుర్చీలోంచి లేచి గడప దాకా వెళ్ళి ఆ మాట చెప్పాడు. అప్పుడు కూర్చుంది నీలావతి.