దొరగారి దాణా

లిఫ్టులు బాగుచేసేవాడి బతుకులో ఒక వెటకారం ఉంది. వాణ్ణి పిలిచేది లిఫ్టు ఆగిపోయిన చోటికే కాబట్టి, జీవితమంతా వాడు ఎక్కేవి మెట్లే. మన మెకానిక్ ఆ శనివారం కూడా పొద్దుటినుంచీ మెట్లు ఎక్కి దిగి, సాయంత్రానికి మోకాళ్ళు మొరాయిస్తుంటే పళ్ళబిగువున గది చేరుకున్నాడు. చేరి నడుం వాల్చే యోగం మాత్రం లేదు. అవాళ కూతురు వచ్చే రోజు. కూతురితోపాటు దొరగారు కూడా వేంచేస్తారు.

దొరగారంటే కుందేలు. ఒళ్ళంతా తెలుపు, ఒక్క చెవి నలుపు. ఇల్లంతా తనకు ఊడిగం చెయ్యడానికే పుట్టిందన్నట్టు కూర్చుంటుందని పిల్ల తల్లి ఆ పేరు పెట్టింది. ఆ పేరు పెట్టిన రోజుల్లో ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాలు విడిపోయారు. గిన్నెలు పంచుకున్నారు, మంచాలు పంచుకున్నారు. తొమ్మిదేళ్ళ పిల్లను పంచుకోవడం కుదరదు కాబట్టి దాని రోజుల్ని పంచుకున్నారు. వారంలో నాలుగు రోజులు తల్లి దగ్గర, మూడు రోజులు తండ్రి దగ్గర. పిల్ల దీనికి కిక్కురుమనలేదు గానీ, కుందేల్ని వదిలి మాత్రం రానంది. అందుకని పిల్ల ఎటు వెళితే అటు, మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో దొరగారు కూడా ఊరేగుతూ వచ్చారు.

తండ్రి గది టైర్ల షాపు మీద, రేకుల కప్పు కింద. మధ్యాహ్నమైతే రబ్బరు వాసన, వేడి కలిసి పైకి తన్నుకొస్తాయి. పిల్లకు చూపించి మురిపించడానికి అక్కడ ఏమీ లేదు, ఒక్క డబ్బా తప్ప. అందులో కుందేలు దాణా. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముక్కలు, ఎండు క్యారెట్టు, పేలిన మొక్కజొన్న, చూస్తే మనకే నోరూరేట్టు ఉంటుంది. ఆ డబ్బా ఒక్కసారి గలగలలాడిస్తే చాలు, దొరగారు దొరతనం మరిచి పరుగున వచ్చి మెకానిక్ పాదాలెక్కేవారు. ఎర్ర ముక్కలన్నీ ఏరుకు తిని, గడ్డి ముక్కల్ని గిన్నెలో వదిలేసేవారు. మెకానిక్ ఆ మిగిలినవి పారబోసి మళ్ళీ నింపేవాడు.

"నువ్వంటేనే దానికిష్టం నాన్నా. అమ్మ దగ్గర ఇలా పరిగెత్తదు" అనేది పిల్ల.

ఆ ఒక్కమాట అతనికి మిగతా నాలుగు రోజుల రేషను. కుందేలు పరిగెత్తింది తన కోసమా, తియ్యటి ముక్క కోసమా అని అతను ఆరా తియ్యలేదు. ఆరా తీస్తే పోయేదేమిటో అతనికి తెలుసు.

తల్లి దగ్గర వేరే లెక్క. ఆమె కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోని మనిషి. "మీ నాన్న మిఠాయిలు పెట్టి బుట్టలో వేసుకుంటాడు, నేనలా కాదు" అని, మాంసానికి పెంచే కుందేళ్ళు తొందరగా బరువెక్కడానికి వేసే గుళికల దాణా బస్తా తెచ్చి పెట్టుకుంది. దాన్ని గిన్నె అంచుదాకా పోసేది. తన ఇంట్లో కుందేలు మాడుతోందన్న మాట మాత్రం అతని నోట రాకూడదని ఆమె పంతం. అలా ఇద్దరూ ఒకరి మీది కసి ఇంకొకరు కుందేలు గిన్నెలో పోస్తూ వచ్చారు. గడ్డి సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఆ శనివారం డబ్బా గలగలలాడింది. దొరగారు రాలేదు.

బుట్టలో ఒక మూలకు ముడుచుకుని, కళ్ళు సగం మూసి, పళ్ళు పటపట నూరుతోంది. పొట్ట ముట్టుకుంటే డప్పులా బిగిసి ఉంది.

"నిన్నటినుంచీ ఏమీ తినలేదు నాన్నా" అంది పిల్ల. "పెంటికలు కూడా వెయ్యలేదు. నీ దగ్గర తిన్న చెత్తే పడలేదని అమ్మ అంది."

"నా దగ్గర తిన్నది పోయిన మంగళవారం. నిన్న పెట్టింది మీ అమ్మేగా!"

ఫోను చేశాడు. అటునుంచి ఆమె అదే మాట తిరగేసి అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నది ఊరికే పుట్టిన సామెత కాదు, ఇలాంటి జంటల్ని చూసే పుట్టి ఉంటుంది. ఇక్కడ నాలుగు కాళ్ళూ ముడుచుకుని కుందేలు నిజంగానే చచ్చేట్టుంది, వీళ్ళ వాదన మాత్రం తెగడం లేదు. చివరికి పిల్ల ఫోను లాక్కుని, "అమ్మా, నువ్వు కూడా డాక్టరు దగ్గరికి రా" అని పెట్టేసింది.

పశువుల డాక్టరమ్మ కూడా పొద్దుటినుంచీ నిలబడే ఉన్నట్టుంది, బల్లకు ఆనుకుని మాట్లాడింది. పొట్ట నొక్కి చూసి, సూది వేసి, సిరంజితో మెత్తటి తిండి కాస్త నోట్లోకి ఎక్కించింది. అప్పుడు అడిగింది.

"ఏం పెడుతున్నారు దీనికి?"

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. అతను ఆమె బస్తా గురించి చెప్పాడు. ఆమె అతని డబ్బా గురించి చెప్పింది. ఎవరు పెట్టేది వాళ్ళు చెప్పుకోలేదు. డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పిల్లను చూసి, సంగతి గ్రహించేసింది.

"రెండూ పనికిరానివే" అంది. "ఒకటి చిరుతిండి, ఇంకోటి బలుపు తిండి. అంతకన్నా పెద్ద తప్పు, మూడు రోజులు ఇది, నాలుగు రోజులు అది. తిన్నది కక్కడం కుందేలికి చేతకాదండీ. ఏది పోసినా లోపలే అరగాలి. దాని కడుపు ఒకదానికి అలవాటు పడేలోపలే మీరు రెండోది పోస్తున్నారు. ఎన్నాళ్ళని తట్టుకుంటుంది? ముందు గడ్డి, రోజంతా గడ్డి. దాణా రోజుకో గుప్పెడు. పీచు ఎక్కువుండేది, ముక్కలన్నీ ఒకేలా ఉండేది చూసి కొనండి. ఇద్దరూ కలిసి కొనండి. ఈ తిప్పడం కూడా ఆపండి. బతికి బట్టకడితే ఒకే ఇంట్లో ఉంచండి."

ఏ ఇంట్లో? అది మాత్రం డాక్టరమ్మ చెప్పలేదు. చెప్పడం ఆవిడ పని కాదు.

మెకానిక్ కళ్ళ ముందు తన రేకుల గది మెదిలింది. మధ్యాహ్నం వేడికి మనుషులే సొమ్మసిల్లే చోటు. న్యాయంగా మాట్లాడితే ఒకటే జవాబు. కానీ కుందేలు అక్కడే ఉండిపోతే పిల్ల ఇక్కడికి వస్తుందా? కుందేల్ని వదిలి రానని మొదటి రోజే చెప్పిన పిల్ల అది. ఈ జవాబు చెబితే దొరగారితోపాటు తన మూడు రోజులూ పోతాయేమో. నోరు మాత్రం న్యాయమే పలికింది.

"మీ ఇంట్లోనే ఉండనీ. నా గదిలో వేడి."

గెలిచినట్టు కనబడకూడదని కాబోలు, ఆమె తల పక్కకు తిప్పుకుంది.

దొరగారు బతికారు. రెండు రోజులు సిరంజి తిండి తిని, మూడో రోజు నాలుగు గడ్డిపోచలు నమిలి, గచ్చు మీద పెంటికలు వేశారు. పిల్ల ఫోను చేసి, పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకున్నంత సంబరంగా ఆ పెంటికల కబురు చెప్పింది.

తర్వాతి శుక్రవారం సాయంత్రం ఇద్దరూ దాణా కొట్లో కలుసుకున్నారు. పక్కపక్కన నిలబడ్డం మాత్రం ఎలాగో తెలియక, మధ్యలో ఒక కోళ్ళ దాణా బస్తా ఉండేట్టు నిలబడ్డారు. విడిపోయిన దగ్గర్నుంచీ ఆమె అతన్ని ఏమండీ అనడం మానేసింది, బదులుగా ఇంకేమనాలో తేల్చుకోలేదు. అతనూ అంతే. అందుకని ఎదురుపడితే ఇద్దరూ మాట్లాడాల్సింది గోడకో, బస్తాకో చెప్పుకునేవాళ్ళు.

కొట్టాయన వచ్చీరాగానే రంగురంగుల రకం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదే ఎక్కువ పోతుంది సార్. కుందేళ్ళు ప్రాణం పెడతాయి."

"ప్రాణం పెట్టడం అయిపోయింది" అంది ఆమె. "ఇంకోటి చూపించండి."

ఇంకోటి, ఇంకోటి వచ్చాయి. ప్రతి సంచి ముందువైపు బుగ్గలు పూరించిన కుందేలు బొమ్మ. ఆమె కళ్ళద్దాలు పైకి నెట్టుకుని వెనకవైపు సన్నక్షరాలు చదివింది. ఒకదాంట్లో పీచు తక్కువ. ఇంకోదాంట్లో బెల్లంపాకం కలిపారు. మూడోది పర్వాలేదు అనుకుంటుంటే మెకానిక్ సంచిని ఎత్తి కుదిపాడు. అడుగున పొడి జరజరమంది.

"పాతది. గుళికలు చిట్లిపోయాయి."

నాలుగోదాని మూతి కొట్టాయన విప్పాడు. మెకానిక్ గుప్పెడు తీసి అరచేతిలో పరిచాడు. అన్నీ ఒకటే పొడవు, ఒకటే రంగు. ఎండిన ఆకుపచ్చ, మట్టి కలిసిన రంగు. విరిస్తే టక్కున విరిగాయి. వాసన చూశాడు. ముక్కిన వాసన లేదు, కోసి ఎండబెట్టిన గడ్డి వాసన వస్తోంది. ఏరుకోవడానికి ఇందులో ఏమీ లేదు. ఏ ముక్క తిన్నా ఒకటే. ఏమనుకున్నాడో ఏమో, ఒక గుళిక నోట్లో వేసుకుని నమిలాడు.

"చప్పగా ఉంది" అన్నాడు, బస్తాతో.

"మీరు తినడానికి కాదు" అందామె.

అన్నాక ఇద్దరికీ తెలిసింది, అది ఎన్నో నెలల తర్వాత ఆమె అతని మొహం చూసి అన్న మాట. నవ్వొచ్చింది గానీ ఆమె దాన్ని సంచి వెనక్కి మళ్ళించి, అక్కడ రాసింది పైకి చదివింది. "కొత్త దాణాకు ఒక్కసారిగా మార్చరాదు. పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ, క్రమంగా పాతది తగ్గించాలి. లేకపోతే పడదు."

"ఇదే ఇవ్వండి" అన్నాడతను. ఈ చప్పటి దాణా గిన్నెలో పోస్తే ఏ కుందేలూ ఎవరి పాదాలూ ఎక్కదు. తెలిసే కొన్నాడు. కొంటుంటే మనసు చివుక్కుమంది.

ఆమె ఉండే భవనంలో లిఫ్టు లేదు. అతను సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్ళేసరికి పిల్ల వంటింటి గచ్చు మీద పాత పేపరు పరిచి, టీ గ్లాసు పట్టుకుని సిద్ధంగా ఉంది. దొరగారు కిటికీ కింద గడ్డిపోగులో కూర్చుని తీరిగ్గా నములుతున్నారు. మెకానిక్‌ను చూసి ఒక చెవి మాత్రం ఇటు తిప్పారు. లేవలేదు. ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని పక్కన పెట్టి, బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి వెళ్ళింది.

తండ్రీ కూతురూ బాసింపట్టు వేసుకుని కలపడం మొదలుపెట్టారు. ఆమె బస్తాలోని పాతది మూడు గ్లాసులు, కొత్తది ఒకటి. పిల్ల పోస్తుంటే అతను చేత్తో కలుపుతున్నాడు.

"దొరగారు ఇంక ఇక్కడే కదా నాన్నా?"

"ఇక్కడే."

"మరి నేనో?"

కలిపే చెయ్యి ఆగింది. ఈ ప్రశ్న వస్తుందని డాక్టరమ్మ గదిలోనే తెలుసు. ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

"నేనూ ఒకచోటే ఉండనా?" అంది పిల్ల, గ్లాసులోకి చూస్తూ. "సంచి సర్దీ సర్దీ విసుగొస్తోంది నాన్నా. లెక్కల పుస్తకం ఎప్పుడు చూసినా ఇంకో ఇంట్లోనే ఉంటుంది. నీ దగ్గర పడుకుంటే లేచేసరికి తలుపు ఎటుందో మర్చిపోతా. ఇక్కడా అంతే."

"మీ అమ్మ చెప్పమందా?"

"ఊహూఁ. అమ్మకింకా చెప్పలేదు. ముందు నీకే చెప్తున్నా."

అతనికి కోపం రావాలి. వస్తే బాగుండేది కూడా, పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. రాలేదు. కూతురి మొహంలోకి చూస్తే అక్కడ కనిపించింది మారాం కాదు, అలుపు. పెద్దవాళ్ళకు ఉండాల్సిన అలుపు. పొద్దుటినుంచీ మెట్లెక్కిన మనిషికి అది గుర్తుపట్టడం కష్టం కాలేదు. ఏడాదిగా దీన్ని మేము ఎక్కిస్తూ దింపుతూ ఉన్నామన్నమాట అనుకున్నాడు. నాలుగు రోజులు ఎదురుచూడ్డానికి ఇక మూడు రోజులు ఉండవు. ఆ గదిలో ఇక తనూ, కింద టైర్లూ.

"నా మీద కోపమా నాన్నా?"

"లేదమ్మా."

"మరి?"

"సరే" అన్నాడు. "నీకెలా బాగుంటే అలాగే చేద్దాం. మీ అమ్మతో నేను చెప్తా."

పిల్ల వెంటనే ఎగిరి గంతెయ్యలేదు. తండ్రి మొహాన్ని అటూ ఇటూ పరీక్షగా చూసింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. తర్వాత దగ్గరికి జరిగి, దుమ్ము అంటుకున్న అతని చేతి మీద తన చెయ్యి వేసింది.

"ఒక్కసారిగా మానెయ్యనులే నాన్నా" అంది నెమ్మదిగా, పెద్దదానిలా. "అలా అయితే నీకు పడదు. ఈ వారం మూడు రోజులూ వస్తా. వచ్చే వారం రెండు. ఆ తర్వాత ఒకటి. అప్పటికి నీకూ అలవాటైపోతుంది."