రెండంకెల వరస

కళ్లద్దాల వర్క్‌షాపు పైఅంతస్తులో, ఎనిమిది కుర్చీల గదిలో, ప్రోగ్రాములు రాసేవాళ్లకు పెద్ద అతనే. అందరూ మేస్త్రి అంటారు. పనిమంతుడే, కాదనలేం. నోరు మాత్రం కాస్త దురుసు.

డాక్టరు చీటీలోని రెండు కళ్ల పవర్లు చదివి, లెన్సులు కోసే మెషీనుకు అందించడం వాళ్ల ప్రోగ్రాము పని. ఆ రెండంకెలనూ మేస్త్రి ఒక టపుల్‌లో పెట్టి పంపేవాడు. టపుల్ అంటే ఏముంది, పేర్లు లేకుండా వరసలో కూర్చోబెట్టిన విలువలు. మొదటిది కుడికన్ను, రెండోది ఎడమకన్ను అన్న సంగతి రాసినవాడి బుర్రలో ఉంటుంది. కంప్యూటరుకు రెండూ ఉత్త అంకెలే.

"దీనికో చిన్న క్లాసు రాద్దామండీ. అందులో ఒక్కో అంకెకూ కుడి, ఎడమ అని పేర్లుంటాయి, తారుమారయ్యే భయముండదు," అంది టీచరమ్మ. పదిహేనేళ్లు బళ్లో లెక్కలు చెప్పి, నలభై దాటాక ఈ పనిలోకి వచ్చిన మనిషి. ఆరు నెలల కాంట్రాక్టు మీద ఉంది.

"రెండంకెలకి క్లాసెందుకు టీచరమ్మా, హాజరు కూడా వేస్తారా?" అన్నాడు మేస్త్రి. గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వేసి, అతను చెప్పినట్టే రాసింది.

ఒక శుక్రవారం కింద ట్రేలు సర్దే ఆయన పైకొచ్చాడు. "తెర మీద కుడికన్ను ముందుంది, నా ట్రేలో ఎడమ గుంట ముందుంది. తికమక పడి చస్తున్నాను." మేస్త్రికి ఇంటికెళ్లే తొందర. తెర మీద చూపించే వరస మారిస్తే సరిపోయేది. ఆ మహానుభావుడు టపుల్‌లోనే వరస తిప్పేశాడు. ఒక్క లైను. ఎవరికీ చెప్పలేదు. మెషీనుకు పంపే టీచరమ్మ కోడు మాత్రం మొదటి అంకెను కుడికన్ననే నమ్ముకుని ఉంది.

మూడు వారాల్లో అరవై జతల అద్దాలు కుడి, ఎడమ తారుమారై వెళ్లాయి. తలనొప్పులు, తిట్లు, ఫోన్లు. యజమాని అందరినీ నిలబెట్టి, మెషీనుకు పంపే ముక్క ఎవరు రాశారని అడిగాడు.

"నేనే సర్. సరిచూసుకోవాల్సింది," అంది టీచరమ్మ.

ఆ పొద్దున్నే మేస్త్రి తన లైను చూసుకుని, తప్పెవరిదో తెలుసుకున్నాడు. అయినా ఈ నెలాఖరుతో ఆమె కాంట్రాక్టు సరి అని యజమాని అంటుంటే, గోళ్లు చూసుకుంటూ నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయాడు, కానీ ఆ చావు ఎవరికీ కనబడలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు. అలా పదకొండు రేపులు గడిచాయి.

నెలాఖరు రోజున ఏదో పనిమీద కౌంటరు దగ్గరికి దిగాడు. బట్టలు కుట్టే ఒకావిడ తప్పు జత వెనక్కిచ్చి, కొత్త అద్దాలు పెట్టుకుని గోడమీది అక్షరాలు చదువుతోంది. చివరి వరసదాకా చదివి, తిరిగి ఇతని వంక చూసింది.

"అయితే నా కళ్లు బాగానే ఉన్నాయా బాబూ? పోతున్నాయనుకుని మిషన్ అమ్మేశాను."

మేస్త్రి మెట్లెక్కాడు. టీచరమ్మ సొరుగు ఖాళీ చేస్తోంది.

"ఆ వరస మార్చింది నేనండీ," అన్నాడు.

"తెలుసు. ఏ లైను ఎవరు మార్చారో కంప్యూటరులో నమోదవుతుంది, మీ పేరూ తేదీ ఉన్నాయిగా. యజమాని నిలబెట్టి అడిగిన రోజే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెబుతారనుకున్నాను." ఆమె పుస్తకాలు సంచిలో పెట్టుకుంది. "రోజూ అనుకున్నాను."

మేస్త్రికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిన్నటిదాకా ఆమె తనకు రోజూ టీ ఇచ్చింది, అదీ ఆ లైను సంగతి తెలిసే ఇచ్చిందన్నమాట. నేరుగా యజమాని గదిలోకి నడిచాడు.

"అరవై జతలూ నావల్లే పోయాయి సర్. ఆవిడ తప్పేం లేదు. పేర్లు పెడదామని ఆవిడన్నా వినలేదు, ఆ వరస తిప్పింది కూడా నేనే."

బయట కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. యజమాని ఇబ్బందిగా కదిలి, ముందు ఆ తలుపు వెయ్యమన్నాడు.

మేస్త్రి తలుపు వేయలేదు. మళ్లీ మొదటినుంచి, ఇంకాస్త గట్టిగా చెప్పాడు.