రెండో ఉదాహరణ

అది ఫిబ్రవరి పందొమ్మిది, గురువారం. మధ్యాహ్నం ఆస్పత్రి క్యాంటీన్లో ఆయనా, భార్యా ఎదురెదురుగా కూర్చుని బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు తిన్నారు. తరవాత ఒక నారింజపండు ఒలిచి చెరిసగం చేసుకున్నారు. ఆమె తన వాటా తినకుండా ఆయన తొనల మీది తెల్లటి పీచు తీస్తూ కూర్చుంది. అది ఆమెకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఆ తేదీ, ఆ తిండి ఆయనకు నిన్నటి సంగతిలా గుర్తున్నాయి. అయినా పరీక్షలో “మీ సొంత అనుభవం నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి” అని అడిగితే మాత్రం ఆయన బుర్ర తుడిచిన పలకలా అయిపోయేది.

ఆయన ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. “ఊపిరి పీల్చండి, బిగపట్టండి, ఇక వదలండి” అని ఇరవై ఎనిమిదేళ్ళుగా అని అని, ఊపిరి మాస్టారనే పేరే స్థిరపడిపోయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. ఇప్పుడు కొత్తగా ఒక నియమం వచ్చింది. పాతవాళ్ళయినా సరే, అందరికీ ఒకే పరీక్ష. మెషీను గురించిన ప్రశ్నలూ, జాగ్రత్తల ప్రశ్నలూ ఆయన కళ్ళు మూసుకుని రాసేశాడు. చిక్కంతా వ్యాసంతోనే వచ్చింది. ముప్పై నిమిషాల్లో, ఇచ్చిన విషయం మీద, రెండు ఉదాహరణలతో రాయాలి. మొదటిది లోకంలోంచి, రెండోది సొంత జీవితంలోంచి. భాషకు ఆరు, అమరికకు ఆరు, ఉదాహరణలకు ఆరు. మొత్తం పద్దెనిమిదిలో పన్నెండు రావాలి. ఆయనకు రెండుసార్లూ పదే వచ్చాయి. ఉదాహరణల దగ్గర రెండుసార్లూ ఒకటే అంకె, ఒకటి.

మూడోసారి కూడా తప్పితే మెషీను దగ్గర నుంచి తీసేసి, కింద రికార్డుల గదిలో కూర్చోబెడతారు. జీతం తగ్గదు. కానీ భయంతో బిగుసుకుపోయి వచ్చిన మనిషి భుజం మీద చెయ్యి వేసి, “చలిగా ఉంటుంది, ఒక్క క్షణమే” అని చెప్పే పని ఇక ఉండదు. భార్య పోయాక ఆయన్ని పొద్దున్నే మంచం మీద నుంచి లేపింది ఆ పని ఒక్కటే.

“అందరి చేతా ఊపిరి బిగపట్టించారు. ఇప్పుడు మీ వంతు వచ్చింది మాస్టారూ!” అంది వార్డులో పెద్ద సిస్టరు. అన్నదే గానీ, ఆ రోజు నుంచి ఆదివారం డ్యూటీలు ఆయనకు పడకుండా చూసింది, చదువుకోవడానికి వీలుగా. ఆ సంగతి ఆయనతో మాట మాత్రం చెప్పలేదు.

ఇంట్లో ఆయనకు గురువు కూతురే. ఆమె బళ్ళో పంతులమ్మ. తల్లి పోయాక బదిలీ చేయించుకుని తండ్రి దగ్గరికే వచ్చేసింది. పాత బిస్కెట్ల డబ్బాలో నలభై చీటీలు వేసి, ఒక్కో చీటీ మీద ఒక్కో ప్రశ్న రాసింది.

“మూడు నిమిషాలు ఉదాహరణలు ఎంచుకోవడానికి, పాతిక నిమిషాలు రాయడానికి, రెండు నిమిషాలు చదువుకోవడానికి. ఎంచుకోవడంలోనే సగం పరీక్ష ఉంది నాన్నా. అక్కడ తడబడ్డావో, ఇక అంతే.”

“నువ్వు మీ పిల్లల్ని కూడా ఇలాగే బెదరగొడతావా అమ్మడూ?”

“వాళ్ళు నీకంటే నయం. ఇదేంటిది? ‘ఒకానొక చోట ఒక వ్యక్తికి ఒక సమస్య వచ్చింది.’ ఎవరికి? ఎక్కడ? ఏం సమస్య? ఆ మనిషికి కనీసం ఒక చొక్కా అయినా తొడుగు!”

ఆయన నవ్వేవాడు. కానీ ఆమె అన్నది నిజమే. చూసింది పైకి చెప్పకపోవడమే ఆయన వృత్తి. తెర మీద ఏం కనబడ్డా ఎక్స్‌రే తీసినవాడు పెదవి విప్పకూడదు. చెప్పాల్సింది డాక్టరు. అలా ఇరవై ఎనిమిదేళ్ళు నోరు కుట్టేసుకున్న మనిషిని, నీ అనుభవం చెప్పు అంటే ఏం చెబుతాడు?

పరీక్షకు మూడు వారాలుందనగా, ఒక ఆదివారం పొద్దున ఆయన తీసిన చీటీ మీద ఇలా ఉంది: “నియమాన్ని పాటించడం అన్నివేళలా మంచిదేనా?”

మొదటి ఉదాహరణ వెంటనే దొరికింది. ఎర్ర దీపం దాటుకుని పోయే అంబులెన్సు. రెండోదానికి ఎప్పటిలాగే చీకటి. రెండు నిమిషాలు గడిచాయి. కూతురు ఫోనులో గడియారం చూస్తూ వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తోంది. అప్పుడు ఆయన చెయ్యి, ఆయనను అడక్కుండానే రాయడం మొదలుపెట్టింది.

ఇలా రాశాడు. నియమం ప్రకారం ఆయన మాట్లాడకూడదు, నిజమే. కానీ తెర మీద అంతా బాగున్నప్పుడు ఆయన చిన్నగా నవ్వేవాడు. మాట కాదు గనక నియమం తప్పినట్టు కాదని ఆయన లెక్క. ఆస్పత్రి అంతటికీ అది తెలిసిపోయింది. మాస్టారు నవ్వితే భయం లేదు అని వరండాలో ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ గురువారం, మూడు వారాలుగా దగ్గుతున్న భార్యను ఆయనే మెషీను ముందు నిలబెట్టాడు. ఎడమ ఊపిరితిత్తిలో పైన, దాపరికం లేకుండా, నీడ కనబడింది. ఆమె జాకెట్టు గుండీలు పెట్టుకుంటూ గది బయటికి వచ్చి, ఏమీ అడక్కుండా ఆయన మొహంలోకి చూసింది. నవ్వకపోతే ఆమెకు తెలిసిపోతుంది. ఆయన నవ్వాడు. తరవాత ఇద్దరూ క్యాంటీనుకు వెళ్ళారు. డాక్టరు సెలవులో ఉన్నాడు, వచ్చేది సోమవారం. ఆ నాలుగు రోజులూ ఆమె ఇంట్లో కర్టెన్లన్నీ దించి ఉతికింది. చెల్లెలికి ఫోను చేసి, “మీ బావ నవ్వారే, ఇంకేం భయం లేదు!” అంది. సోమవారం డాక్టరు చెప్పాడు. ఆ తరవాత బతికిన ఎనిమిది నెలల్లో ఆమె ఒక్కసారి కూడా ఆ నవ్వు గురించి ఆయన్ని అడగలేదు. ఆయన మళ్ళీ ఆ గదిలో నవ్వలేదు.

ఫోనులో గంట మోగింది. ఆయన కాగితం ముందుకు తోశాడు.

కూతురు ఎర్ర పెన్ను పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో రెండుచోట్ల దిద్దింది. రెండో పేజీలో పెన్ను ఆగిపోయింది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చి చదివింది.

“నీకు గురువారమే తెలుసా?”

ఆయన తల ఊపాడు.

“శుక్రవారం నేను సెలవు పెట్టుకున్నాను. శనివారం పొద్దున్నే ఇక్కడికి చేరేలా టికెట్టు కూడా తీసుకున్నాను. అమ్మ ఫోను చేసి ఏమీ లేదట, రావద్దు, పరీక్షల రోజుల్లో పిల్లల్ని వదిలి రావడమేంటి అని తిట్టింది. నేను టికెట్టు రద్దు చేసుకున్నాను నాన్నా. మళ్ళీ నేను వచ్చేసరికి అమ్మ మంచం మీద ఉంది.”

ఆ టికెట్టు సంగతి ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. ఆమె కాగితం కింద “ఉదాహరణలు: ఆరుకు ఆరు” అని రాసి, పెన్నుకు మూత పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత చదువు సాగలేదు. ఆమె వంట చేసేది, వడ్డించేది, “ఇంకొంచెం వెయ్యనా?” అని అడిగేది. అంతవరకే. కోపంలో కూడా ఆయన బీపీ మాత్రలు డబ్బాలో రోజువారీగా సర్దడం మానలేదు. ఆయన ఒక్కడే కూర్చుని చీటీలు తీసి చూసుకున్నాడు. నిజం గొప్పదా, దయ గొప్పదా? కుటుంబమా, బాధ్యతా? మనిషిని మార్చేది ఏది? ఏ చీటీ తీసినా ఆ గురువారం దానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. రెండుసార్లు తప్పిన మనిషికి నలభై ప్రశ్నలకూ పనికొచ్చే ఒకే ఉదాహరణ దొరికింది. ఆ సులువు చూసి, చీటీలన్నీ మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టేశాడు.

పరీక్ష ముందురోజు, ఆయన బూట్లు తుడుచుకుంటుంటే కూతురు గుమ్మంలో నిలబడింది.

“రేపు అదే రాస్తావా?”

“నువ్వు వద్దంటే రాయను తల్లీ.”

“నా మీద పెట్టకు. నీ పరీక్ష, నీ ఇష్టం.” వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, “రెండు పెన్నులు పెట్టుకో,” అంది.

పరీక్ష హాల్లో ఆయన బల్ల మీద ఎండ పడుతోంది. కాపలా ఉన్న అమ్మాయి అడక్కుండానే వచ్చి పరదా లాగి వెళ్ళింది. వ్యాసం విషయం బోర్డు మీద రాశారు: “మనిషికి ఎక్కువ నేర్పేది తప్పా, గెలుపా?”

మూడు నిమిషాలు అక్కర్లేదు, మూడు క్షణాలు చాలు. మొదటి ఉదాహరణ ముగించి, రెండోది ఆయన తేదీతో మొదలుపెట్టాడు. నారింజ తొనల దగ్గరికి, గుండీల దగ్గరికి, నవ్వు దగ్గరికి వచ్చాడు. పెన్ను ఎక్కడా తడబడలేదు. ఇక మిగిలింది ఆఖరి వాక్యం. ఈ అనుభవం నుంచి మీరేం నేర్చుకున్నారో స్పష్టంగా చెప్పాలి, అప్పుడే మార్కులు. “దీనివల్ల నేను నేర్చుకున్నదేమిటంటే” అని రాసి ఆగాడు.

ఏం నేర్చుకున్నాడు? ఇంకోసారి అలాంటి గురువారం వస్తే నవ్వకుండా ఉంటాడా? ఆ నాలుగు రోజులూ ఆమె కర్టెన్లు ఉతుకుతూ ఏదో కూనిరాగం తీసింది. ఆ రాగాన్ని ఆమె నుంచి లాక్కునే ధైర్యం ఆయనకు ఈ రోజుకీ లేదు. కూతురి శనివారాన్ని తిరిగి ఇచ్చే దారీ లేదు. నేర్చుకున్నది ఏమీ లేదు. ఉన్నట్టు రాస్తే, ఆమె చివరి మంచి రోజుల్ని తన పాఠం కోసం వాడుకున్నట్టే అవుతుంది.

ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీశాడు. గోడ గడియారం ఇంకా పదకొండు నిమిషాలు చూపిస్తోంది.

తోచింది రాశాడు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక ముసలాయన కాలి ఎక్స్‌రే మీద ఎడమ, కుడి గుర్తులు తారుమారు పెట్టాడు. కట్టు కట్టేవాళ్ళు బాగున్న కాలికి పిండికట్టు వేస్తుంటే, ఆ ముసలాయన ఓపికగా, “బాబూ, నొప్పి ఇటు,” అన్నాడు. అప్పటి నుంచి గుర్తు రెండుసార్లు చూసుకోవడం నేర్చుకున్నాడు. చివరి వాక్యం సగంలో ఉండగా కాగితాలు తీసుకున్నారు.

నెలకు ఫలితం వచ్చింది. భాషకు ఐదు, అమరికకు మూడు, ఉదాహరణలకు మూడు. పదకొండు.

ఆ సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చి, చేతిసంచీ కూడా దించకుండా బల్ల మీది కాగితం చదివింది.

“ఒక్క మార్కా?”

“ఒక్కటే.”

“అది రాయలేదా?”

“రాశాను. కొట్టేశాను.”

“ఎందుకు? ఆరు వచ్చేవి! నేనేమైనా అనుకుంటాననా?” ఆమె గొంతు లేచింది. “ఆ గది లేకపోతే నీకు పొద్దు గడవదు. నాకు తెలీదా?”

“ఏం నేర్చుకున్నావో రాయమన్నారమ్మా. ఏం రాయను?”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితాన్ని మడతపెట్టింది, మళ్ళీ విప్పింది.

“నాకింకా కోపం పోలేదు నాన్నా.”

“పోనక్కర్లేదు.”

“నువ్వలా అనకు. ఇంకా కోపం వస్తుంది.” ముక్కు ఎగబీల్చి, కొంగుతో మొహం తుడుచుకుంది. “రికార్డుల గదిలో కిటికీ ఉందా?”

“చిన్నది ఉంది. పెద్ద సిస్టరు నిన్ననే మనిషిని పెట్టి తుడిపించిందట.”

“ఫలితం రాకముందేనా? ఎంత నమ్మకం ఆవిడకి నీ మీద!”

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అది ఎక్కువసేపు నిలవలేదు. నవ్వు మధ్యలోనే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆయన లేచి వెళ్ళి ఆమె తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆమె ఆ చేతిని తోసెయ్యలేదు.

తిన్నదీ లేనిదీ గమనించకుండానే ఇద్దరూ భోజనం ముగించారు. ఆయన తొందరగా గదిలోకి వెళ్ళి పడుకున్నాడు. సోమవారం నుంచి కింది అంతస్తుకు వెళ్ళాలి. ఎన్ని మెట్లో లెక్కపెట్టుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

అంట్లు కడగడం ఆగింది. కూతురి అడుగులు గుమ్మం దాకా వచ్చాయి. ఆయన నిద్రపోయాడనుకుందో, పోలేదని తెలుసో గానీ, లోపలికి వచ్చింది. కాళ్ళ దగ్గర జారిన దుప్పటి పైకి లాగింది. దీపం ఆర్పింది. కాసేపు అక్కడే నిలబడి, చప్పుడు కాకుండా గడియను వేలితో పట్టుకుని, మెల్లగా తలుపు దగ్గరకు వేసింది.