వాల్తేరు పాసు

రైల్వే కార్ఖానా బాయిలర్ షాపులో ఎండాకాలం పనిచేసేవాడెవడూ ఒంటిమీద చొక్కా ఉంచుకోడు. నూకరాజు ఉంచుకునేవాడు. అదీ రెండు జేబుల ఖాకీ చొక్కా. ఆ జేబుల నిండా పాత డైరీలు, కాగితాలు, నూనె తుడిచే గుడ్డలు కుక్కి ఉండేవి. షిఫ్టు దిగాక అందరూ కుళాయి దగ్గర చేరి మసి కడుక్కుంటుంటే, అతను ఆ మసితోనే సైకిలెక్కి క్వార్టరుకొచ్చి, తలుపేసుకుని స్నానం చేసేవాడు.

అదెందుకో ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళందరికీ తెలుసు. తెలియనట్టు ఉండే మర్యాద మాత్రం కొందరికే ఉంది. పదిహేనో ఏట అతనికి ఆడపిల్లలకు వచ్చినట్టు రొమ్ములు వచ్చాయి. ఆ వయసులో కొందరు మగపిల్లలకి వచ్చి పోతాయట. ఇతనికి పోలేదు. మనిషి బక్కపలచన కావడంతో మరీ తెలిసిపోయేవి. "ఏటి వదినా, బాగున్నావా?" అని పలకరించే పెద్దమనుషులు షాపులో ఉన్నారు. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకే ఇతను వెళ్ళి వడ్డనలు చేసి వచ్చేవాడు. అంత మెత్తని మనిషి. తన పెళ్ళి మాటెత్తితే మాత్రం బిగుసుకుపోయేవాడు. వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో వంక పెట్టి ముప్పై మూడేళ్ళు తెచ్చుకున్నాడు.

ఇవన్నీ ఎలాగో నెట్టుకొచ్చాడు గానీ, తల్లి జోగమ్మ పోయిన రోజున మాత్రం నెట్టుకురాలేకపోయాడు. అతనొక్కడే కొడుకు. నెత్తిన నీళ్ళు పోసుకుని, తడి పంచెతో, పైన గుడ్డ లేకుండా కొరివి పట్టాలి. నూకరాజు చొక్కా విప్పలేదు. రెండు బిందెల నీళ్ళూ చొక్కా మీదే పోయించుకున్నాడు. అది ఒంటికి అంటుకుపోయి, ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా అందరి ముందూ పెట్టింది. మేనమామ ఉండబట్టలేక, "కన్నతల్లి కాలిపోతంటే సొక్కా ఏట్రా నీకు?" అన్నాడు. వెనకాల ఎవరో నవ్వారు. తల్లి చితి దగ్గర నవ్వారు. ఆ నవ్విన నోరు ఎవరిదో నాకు తెలిస్తే ఇక్కడ పేరు రాసేవాణ్ణి.

తండ్రి గణపతిరావు పక్కనే ఉన్నాడు. బాయిలర్ షాపులోనే ముప్పై ఏళ్ళు చేసి దిగిన మనిషి. ఆయన అప్పుడేమీ అనలేదు. ఇంటికొచ్చాకా అనలేదు. తర్వాత రెండేళ్ళలో ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. ఆ మౌనానికి నూకరాజు తనకు తోచిన అర్థం చెప్పుకున్నాడు. నాన్నకి నావల్ల తలవంపు, అంతే.

అరవై ఆరు చలికాలంలో గణపతిరావుకి కాళ్ళు వాచి, ఆయాసం పట్టుకుంది. గుండె బలహీనపడిందని, జాగ్రత్తగా ఉంటే ఏడాదో రెండేళ్ళో పరవాలేదని డాక్టరు చెప్పాడు. నూకరాజుకి ఆ ఏడాదే చెవిలో పడింది. ఏడాదిలోగా మళ్ళీ శ్మశానానికి వెళ్ళాలి. ఈసారి చొక్కా విప్పి వెళ్ళాలి. కన్నతండ్రికి కొరివి పెట్టేటప్పుడైనా మగవాడిలా నిలబడాలి.

తన ఒంటి సంగతి ఆ డాక్టర్నే చాటుగా అడిగాడు. "ఇది జబ్బు కాదు దాదా," అన్నాడాయన. "కోస్తే పోతుంది. కోయకపోతే ఏమీ కాదు." ఇతను మాత్రం కోయించుకోవాలనే నిశ్చయించుకున్నాడు. అయితే ఊళ్ళోని రైల్వే ఆస్పత్రిలో కాదు. అక్కడ నర్సు నుంచి వంటమనిషి దాకా సగం మంది తెలుగువాళ్ళే. పొద్దున బల్ల మీద పడుకుంటే సాయంత్రానికి గోల్‌బజార్ చేపల దుకాణాల్లో కూడా చెప్పుకుంటారు. అందుకని కలకత్తాలో ఒక ఆస్పత్రి చూసుకున్నాడు.

ఇంట్లో ఏం చెప్పాలి? ఇక్కడే అతని బుర్ర పాడైంది. నాన్నకి బాగవ్వాలని సింహాచలం మొక్కుకున్నాను, వెళ్ళి తీర్చుకొస్తాను, అటునుంచటు ఊళ్ళో చుట్టాల్నీ చూసొస్తాను అన్నాడు. రైల్వే తెలుగువాడు సెలవు పెట్టి ఉచిత ప్రయాణం పాసు రాయించుకుంటే అది వాల్తేరుకే. ఇంకెవరూ ఇంకేమీ అడగరు. అబద్ధం అతికినట్టుండాలని నిజంగానే వాల్తేరు పాసు రాయించి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుని, హౌరాకి టిక్కెట్టు కొనుక్కున్నాడు.

గణపతిరావు ఆ మాట విని మంచం మీద లేచి కూర్చున్నాడు. "నాకోసరం మొక్కినావేట్రా?" అన్నాడు. మొహం వెలిగిపోయింది. "బస్సెక్కకు నాన్నా. మెట్లెక్కి ఎల్లు."

"అలాగే నాన్నా," అన్నాడు నూకరాజు. ఆ 'అలాగే' తర్వాత అతన్ని జన్మంతా తిన్నది.

ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడు గుమాస్తా, అవసరమైతే ఎవరికి కబురు చేయాలి అని అడిగాడు. కబురంటూ వెళ్తే గుట్టు బయటపడుతుంది. "ఎవరూ లేరు," అని రాయించాడు.

మత్తు వదిలాక రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుంది. చంకల దగ్గర్నుంచి నడుము దాకా బిగించి కట్టిన పట్టీ. రెండు పక్కలా చెడునెత్తురు కారడానికి రబ్బరు గొట్టాలు. దగ్గితే ప్రాణం పోయేది. చేతులు భుజాల పైకి ఎత్తకూడదన్నారు. పక్క మంచం ముసలాయన రోజూ బెంగాలీలో ఏం జబ్బని అడిగేవాడు. గడ్డ అని చెప్పేవాడు.

మూడో రోజు, మంగళవారం పొద్దున, పట్టీ మార్చడానికి విప్పారు. నూకరాజు తల వంచి చూసుకున్నాడు. నల్లగా కమిలి ఉంది, కుట్లు చీమల్లా ఉన్నాయి. అయితేనేం, చదునుగా ఉంది. పదిహేనో ఏడు తర్వాత అతను తన ఒంటిని ఇష్టంగా చూసుకోవడం అదే. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నర్సమ్మ నొప్పనుకుని ఓదార్చింది. ఆ రోజంతా అతనికి పండగలా గడిచింది.

ఆ మంగళవారమే, మధ్యాహ్నం రెండు దాటాక, గణపతిరావు పోయాడు.

ఆపరేషనైన తొమ్మిదో రోజున, కుట్లు తీయించుకుని, నూకరాజు ఖరగ్‌పూర్‌లో రైలు దిగాడు. టిక్కెట్ కలెక్టర్ ఆర్థర్, ఇతని చిన్ననాటి స్నేహితుడు, గేటు దగ్గర ఇతన్ని చూసి కదలకుండా నిలబడిపోయాడు.

"హౌరా బండిలో దిగుతున్నావేటి రాజూ?" అన్నాడు. "నీకోసరం కంట్రోల్ ఫోన్లో వాల్తేరు దాకా సెప్పినాం. అక్కడ మైకులో పిలిసినారు. కొండ మీదకి కూడా మనిసిని పంపినారు. ఒకటిన్నర రోజు ఉంచినాం మీ నాన్నని. ఇంక ఉంచలేకపోనాం."

కొరివి చిన్నాన్న కొడుకు జగ్గారావు పెట్టాడు. నూకరాజుకి ఆ మాట ఆర్థర్ రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఇంట్లో అక్క గంగాభవాని గుమ్మంలో కూర్చుని ఉంది. ఇతని చేతిసంచీ వైపు చూసింది. "పెసాదం ఏదిరా?" అంది. ఇతను చొక్కా గుండీలు విప్పి పట్టీ చూపించాడు. గంగాభవాని చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"సివరి పూట కూడా నిన్నే అడిగినాడు," అంది. "ఆడు కొండ దిగినాడేటమ్మా అని. దిగుంటాడు నాన్నా, వొస్తన్నాడు అన్నాను. మెట్లెక్కి ఎల్లుంటాడు, కాళ్ళు నొప్పులెట్టుంటాయి, పరిగెట్టించకండి అన్నాడు."

నూకరాజు గోడకి చేరబడ్డాడు. చేతులెత్తకూడదన్న సంగతి మరిచిపోయి తల బాదుకుంటుంటే అక్క వచ్చి చేతులు పట్టుకుంది.

కర్మలు చేయించే అయ్యవారు, కొరివి ఎవరు పెట్టినా పదోనాడు నీళ్ళు కొడుకే వదలాలన్నాడు. ఆ పొద్దున కాసాయి నది ఒడ్డుకి పాతికమంది మగవాళ్ళు వెళ్ళారు. మేనమామా వచ్చాడు. క్షౌరం అయ్యాక నూకరాజు చొక్కా విప్పాడు. పట్టీ ఇంటి దగ్గరే తీసేశాడు. అందరి ముందూ, ఎండలో, చదునైన రొమ్ముతో నిలబడ్డాడు. రెండు పక్కలా ఎర్రటి మచ్చలు. జనం ఒకసారి చూశారు. తల తిప్పుకుని ఎవరి గుండు వాళ్ళు తడుముకున్నారు. దీనికోసమా అనిపించింది అతనికి. దీనికోసమా నాన్నని వదిలి వెళ్ళాను?

వంగి పిండాలు సర్దుతున్న అయ్యవారు ఇటు చూడకుండానే, సంచీలోంచి మందపాటి కొత్త దుప్పటి ఒకటి తీశాడు. మడత విప్పి, వెనకనుంచి వచ్చి, నూకరాజు భుజాల మీదుగా కప్పి, ముందు ముడి వేశాడు. మేనమామ ఏదో అనబోతే, "ఇది ఆచారమేనండి," అని గట్టిగా చెప్పి నోరు మూయించాడు.

తర్వాత నూకరాజు చెవి దగ్గరకి వంగాడు. "మీ నాన్నగారు మీ అమ్మగారి పదోనాడే మా ఇంటికొచ్చి అడిగినారు బాబూ. నా రోజొచ్చినప్పుడు మావోడి ఒంటిమీద గుడ్డుండాల, ఆడు సిన్నబుచ్చుకోకూడదు అన్నారు. తప్పునేదండి అన్నాను. నానడిగినట్టు ఆడికి తెలీనీకండి అన్నారు. ఇప్పుడాయన నేరు గదా, సెప్తన్నాను."

నూకరాజు నీళ్ళలో దిగాడు. ఆ దుప్పటితో ఇక పని లేదని అయ్యవారికి చెప్పలేదు. అది నిండా కప్పుకునే, దోసిళ్ళతో తండ్రికి నీళ్ళు వదిలాడు.