ఆ బెల్లు కొట్టకమ్మా

పొద్దున్నే కోడలు గుమ్మం దగ్గర కూర్చుని తన పని సామాన్ల పెట్టె సర్దుకుంటోంది. అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ కొడుకుని పిలిచింది. కొడుకు అప్పటికే స్కూలు బస్సు నడుపుతూ ఊరికి ఆ చివర ఉన్నాడు.

"ఒరే, కళ్ళజోడు ఫ్రిజ్ మీద పెట్టి పోయావు. ఎండ కళ్ళల్లో పడుతుంది, మెల్లిగా నడుపు," అంది, పక్కగదిలో ఉన్నవాడికి చెప్పినట్టే. అక్కడ అతను సరేనని తలూపి బస్సు వేగం తగ్గించాడు.

ఆవిడ గొంతు అంతే. ఎవర్ని ఉద్దేశించి మాట్లాడితే వాళ్ళకి వినబడుతుంది, ఎంత దూరాన ఉన్నా సరే. అరవక్కర్లేదు. అవతలివాళ్ళ జవాబు ఈవిడకి వినబడదు కానీ, మాట చేరిందీ లేనిదీ తెలిసిపోతుంది, చీకట్లో బల్ల మీద గ్లాసు పెడితే ఆనినట్టు తెలియదూ, అలా. పేరు కూడా తెలియనక్కర్లేదు. ఒకసారి ఎదురింటి వాళ్ళ సైకిలు పోతే, "సైకిలు తీసుకెళ్ళిన నాయనా, ఆ పిల్ల రేపు పరీక్షకి దాని మీదే వెళ్ళాలి," అని చెప్పింది. సాయంత్రానికి సైకిలు వచ్చి గోడకి ఆనుకుని ఉంది. గాలి కూడా కొట్టించి మరీ.

ఫోన్లు లేని రోజుల్లో వీధివీధంతా ఆవిడ వంటింటి ముందే ఉండేది. దూరాన ఉన్న అన్నకి కబురు చెప్పమని ఒకరు, అలిగి పుట్టింట్లో కూర్చున్న పెళ్ళాన్ని బతిమాలమని ఒకరు. ఫోన్లు వచ్చాక ఆ తోవన వచ్చేవాళ్ళే లేరు. "పోన్లే, గొంతుకి కాస్త విశ్రాంతి," అనుకుంది. కొత్తవాటి మీద ఆవిడకి ఎప్పుడూ కోపం లేదు.

కోడలు ఒక బ్యూటీ యాప్‌లో చేరినప్పుడు సంబరపడింది కూడా. అంతకుముందు కోడలు ఒక బ్యూటీ పార్లర్లో పనిచేసేది. నించుని నించుని కాళ్ళు వాచేవి. యజమానురాలు కస్టమర్ల ముందే విసుక్కునేది. పిల్లాడికి జ్వరమంటే సెలవు కాదు, సణుగుడు దొరికేది. ఆ యాప్‌లో చేరాక పెట్టె పట్టుకుని ఇళ్ళకే వెళ్ళి పని చేసొచ్చేది. పని కావాలంటే ఫోన్‌లో గీత ఇటు లాగాలి, వద్దంటే అటు లాగాలి. పిల్లాడి స్కూలు వదిలే వేళకి ఇంట్లో ఉండేది. ఆపరేషనయి మంచంలో ఉన్న ఒకావిడకి తల దువ్వి, గోళ్ళు తీసి, ముఖం శుభ్రం చేసి వస్తే, ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదట. స్కూటీ కొనుక్కుంది. ఇంట్లో ఎవర్నీ అడక్కుండా కొనుక్కున్న మొదటి వస్తువు అది.

"ఈ యాప్ పెట్టినవాడెవడో గానీ, వాడి కడుపు చల్లగా ఉండాలి," అంది అత్తగారు ఆ స్కూటీని చూసి. ఆ మాట ఎక్కడో ఒక మనిషికి చేరింది. చేరినట్టు ఆవిడకి తెలిసింది.

తర్వాత తర్వాత యాప్ గొంతు మారింది. క్రీములూ పౌడర్లూ వాళ్ళ దగ్గరే కొనాలన్నారు. కంపెనీ వాటా పెరిగింది. వద్దనడానికి గీత అటు లాగితే రేటింగ్ పడిపోవడం మొదలైంది. ఎవరి ఇష్టం వాళ్ళదే అని చెప్పి చేర్చుకున్నవాళ్ళు, ఇష్టం చూపించినందుకు శిక్ష వేస్తున్నారు. పిల్లాడు బడి గేటు దగ్గర వాచ్‌మన్‌తో కబుర్లు చెప్తూ ఎదురుచూడటం అలవాటు చేసుకున్నాడు. పార్లర్‌కి తిరిగి వెళ్ళడం కంటే ఇదే నయమనుకుంది కోడలు.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బుకింగ్ వచ్చింది. బుకింగ్ మీద ఆడపేరే ఉంది. లిఫ్టు లేని బిల్డింగ్, పై అంతస్తు. తలుపు తీసినవాడు మగవాడు. మా చెల్లెలు స్నానానికి వెళ్ళింది, కూర్చోండి అన్నాడు. కోడలు పెట్టె తెరిచి, వ్యాక్స్ వేడిచేసే గిన్నె ప్లగ్గులో పెట్టింది. లోపల్నించి నీళ్ళ చప్పుడు లేదు. ఇంట్లో ఇంకొక మనిషి ఉన్న అలికిడే లేదు. వెనక్కి తిరిగేసరికి వాడు తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నవ్వుతున్నాడు.

ఆమె ఎలా బయటపడిందో ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. వేడి గిన్నె చేతిలో ఉండటం వల్ల బయటపడ్డానని మాత్రం అంది. పెట్టె అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. స్కూటీ తాళం తిప్పుతుంటే ఫోన్ మోగింది. యాప్.

"మీరు పని మధ్యలో ఆపేశారు. కారణం ఎంచుకోండి," అని ఉంది. కింద మూడు బటన్లు. ఆరోగ్యం బాగాలేదు. వాహనం చెడిపోయింది. వ్యక్తిగత కారణం.

ఆమె అక్కడే ఎండలో నించుని, ఆ మూడింటినీ పైకీ కిందకీ జరిపి చూసింది. నాలుగోది లేదు. చాట్‌లో జరిగింది జరిగినట్టు రాసింది, తప్పులు దిద్దుకుంటూ. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి కారణం ఎంచుకోండి," అని వచ్చింది. మళ్ళీ రాసింది. మళ్ళీ అదే వచ్చింది. ఇల్లు చేరేసరికి యాప్‌లో ఆమె ఐడీ ఆగిపోయింది, ఇక పనులు రావు.

మర్నాడు ఆమె కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. అద్దాల బిల్డింగ్. లోపల మొక్కలూ, రంగురంగుల సోఫాలూ కనబడుతున్నాయి. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమె వేసుకున్న కంపెనీ యూనిఫాం చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కడికి రాకూడదమ్మా. ఏదున్నా యాప్‌లోనే చెప్పుకోవాలి."

"యాప్ వినడం లేదన్నా. అందుకే వచ్చాను."

ఆమె కదలకపోయేసరికి అతను లోపలికి ఫోన్ చేశాడు. మెడలో ట్యాగు వేసుకున్న ఒక కుర్ర మేనేజర్ బయటికి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"చూడండి మేడమ్, మీరు మా ఉద్యోగి కాదు కదా. ఉద్యోగి అయితే హెచ్ఆర్ చూసేవాళ్ళు. మీరు మా భాగస్వామి."

"భాగస్వామినైతే లోపలికి రానివ్వరేం?"

అతను నవ్వబోయి మానుకున్నాడు. "ఐడీలు మేం ఆపం మేడమ్. సిస్టమ్ ఆపుతుంది. వ్యక్తిగత కారణం అని నొక్కేయండి, వారంలో తిరిగొచ్చేస్తుంది. అందరూ అదే చేస్తారు."

"అందరూ అంటే? నాలాగే ఎంతమంది?"

అతను ట్యాగు సర్దుకుంటూ లోపలికి చూశాడు. "అది నేను చెప్పకూడదు," అన్నాడు.

"మరి ఆ ఇంటివాడి సంగతి? వాణ్ణి కూడా ఆపుతుందా మీ సిస్టమ్?"

"కస్టమర్ మీద కంప్లయింట్ అంటే వేరే ప్రాసెస్ అండీ," అని అతను గాజు తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆ గేటు దగ్గర జరిగింది భర్తకి చెప్పింది.

"ఆ ఇంటికి పోయి వాణ్ణి తన్నాలనుంది నాకు," అన్నాడు అతను. "తంతే నేను లోపలికి పోతాను. స్టేషన్‌కి పోతే ఒక్కదాని మాట నమ్ముతారో నమ్మరో. నొక్కేయ్. బటనే కదా."

"నొక్కితే, నా సొంత పని మీద నేనే లేచొచ్చానని రాసిచ్చినట్టు. వాడి మీద మచ్చ ఉండదు. రేపు ఇంకొకర్ని పిలుస్తాడు."

అత్తగారు వంటింట్లోంచి అంతా విన్నది. చెయ్యి కడుక్కుని వచ్చి పీట మీద నిటారుగా కూర్చుంది. ఆవిడ ఏం చెయ్యబోతోందో ఇద్దరికీ తెలుసు. పిల్లాడు కూడా టీవీ కట్టేశాడు.

"నా కోడలి పని ఆపిన నాయనా," అని మొదలుపెట్టింది, "తప్పు చేసింది ఆ పిల్ల కాదు. ఒక్కసారి నువ్వు చదువు, అది రాసింది."

అని ఆగింది. ఆవిడ ముఖం మారిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి జరగనిది జరిగింది. ఆ మాట ఎక్కడా ఆనలేదు. గది దాటి, వీధి దాటి, ఎంత దూరమో పోయి, ఆవిడ చెవిలోకే తిరిగొచ్చింది.

"అక్కడ ఎవరూ లేరే," అంది అయోమయంగా.

"ఎవరూ లేకపోవడం కాదు అత్తయ్యా," అంది కోడలు. "ఎవరూ లేకుండా చూసుకున్నారు."

అప్పుడు అత్తగారికి గుర్తొచ్చింది, ఆ స్కూటీ కొన్ననాడు తను దీవిస్తే అందుకున్న మనిషి ఒకడు ఉన్నాడుగా. "యాప్ పెట్టిన నాయనా, దీవించింది నేనే. ఇప్పుడు అడుగుతున్నదీ నేనే," అని, తనకి తెలిసిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ మాట చేరింది. చేరినట్టు స్పష్టంగా తెలిసింది. అందరూ ఎదురుచూశారు.

కోడలి ఫోన్ మోగింది. "మీ అభిప్రాయం మాకు అమూల్యం. దయచేసి కారణం ఎంచుకోండి," అని ఉంటే కోడలు చదివి వినిపించింది.

అత్తగారు ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా, దాన్ని చాలాసేపు చూసింది. ఆవిడకి కోపం వస్తే కేకలెయ్యదు. గొంతు తగ్గిపోతుంది.

"పొగిడితే పుచ్చుకోడానికి మనిషి ఉన్నాడు," అంది. "అడిగితే మరబొమ్మ. బాగుంది."

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుండగా కోడలు కంచంలో చెయ్యి ఆపేసింది. "ఈపాటికి ఎవరో ఒకరు ఆ ఇంటికి బయల్దేరి ఉంటారు అత్తయ్యా. మధ్యాహ్నమే పిలుస్తాడు వాడు, చుట్టుపక్కల అందరూ పనులకి పోయి ఉంటారని."

అత్తగారు నీళ్ళు తాగి, ఆ ఇంటికి పోతున్న పిల్లని తలుచుకుని గొంతు సవరించుకుంది.

సరిగ్గా అప్పుడు ఆ బిల్డింగ్ మెట్ల మీద ఒక అమ్మాయి ఉంది. కాలేజీ ఫీజు కోసం ఈ పనిలో కొత్తగా చేరింది. బరువైన పెట్టె అంతస్తు అంతస్తుకీ చెయ్యి మార్చుకుంటూ ఎక్కింది. పైన తలుపు ముందు పెట్టె దించి, ముఖం తుడుచుకుని, యూనిఫాం కాలర్ సర్దుకుని, బెల్లు మీద వేలు పెట్టబోయింది.

"ఆ బెల్లు కొట్టకమ్మా," అని వినబడింది. పెద్దావిడ గొంతు. పక్కనే నించుని చెప్తున్నట్టుంది. "ఆ ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరు. చప్పుడు చెయ్యకుండా దిగి వచ్చెయ్ తల్లీ."

ఆ అమ్మాయి వేలు వెనక్కి తీసుకుంది. ఎవరు, ఏమిటి అని ఆలోచించలేదు. అలాంటి గొంతుతో చెప్తే ఎవరైనా వింటారు. పెట్టె రెండు చేతులా ఎత్తుకుని, గోడకి తగలకుండా దిగింది. సగం మెట్లు దిగాక పైన తలుపు తెరుచుకుంది. వాడు మెట్ల పిట్టగోడ మీంచి వంగి కిందకి చూశాడు. ఆమె గోడకి అంటుకుని ఊపిరి బిగబట్టింది. తలుపు మూసుకున్నాక మిగిలిన మెట్లు పరుగున దిగింది. వీధిలోకి రాగానే ఆమె ఫోన్‌లోనూ మూడు బటన్లు వచ్చాయి.

"బటన్లు వస్తే ఏదీ నొక్కకు," అంది గొంతు. "మా ఇంటికి రా." దారి కూడా చెప్పింది, ఇస్త్రీ బండి దాటాక ఎడమవైపు అని.

కోడలు తలుపు తీసేసరికి తన యూనిఫామే వేసుకున్న పిల్ల ఎదురుగా ఉంది. ఆమె పెట్టె అందుకుని లోపల పెట్టింది. మంచినీళ్ళిచ్చింది. తనకి జరిగింది చెప్పింది, ఈసారి ఏదీ దాచకుండా.

ఆ అమ్మాయి తాగిన గ్లాసు కింద పెట్టింది. "నాకేం కాలేదు కదక్కా," అంది మెల్లిగా.

"అవును. నీకేం కాలేదు."

ఆ మాట వినగానే అప్పటిదాకా లేని ఏడుపు వచ్చిందా పిల్లకి. అత్తగారు వీపు నిమిరింది. నిమురుతూనే, ఎటో చూస్తూ, మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఆ మెట్లు దిగొచ్చి, ఎవరికీ చెప్పుకోలేక వ్యక్తిగత కారణం అని నొక్కిన అమ్మల్లారా. మీరు ఎక్కడున్నారో నాకు తెలీదు. మా ఇంటికి రండి. వినడానికి మనుషులున్నారిక్కడ."

ఆ మాట ఒక చోట ఆనింది. ఇంకో చోట ఆనింది. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ, ఒక్కొక్కటి ఆనినప్పుడల్లా పెదవి కొరుక్కుంది. ఆనుతూనే ఉన్నాయి. కోడలు అత్తగారి ముఖం చూడలేక పక్కకి తిరిగింది.

సాయంత్రానికి గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటు లేకపోయింది. ఒకామె ఆ పని మానేసి బట్టల కొట్లో చేరింది. ఒకామె ఇప్పటికీ అదే యూనిఫాంలో ఉంది. ఒకామె భర్తకి కూడా చెప్పలేదు, కూరగాయలకని సంచీ పట్టుకుని వచ్చింది. ఇల్లు ఏ అంతస్తు, తలుపు ఏ రంగు, స్నానానికి వెళ్ళిన చెల్లెలు అన్నవి అందరి నోటా ఒకటే.

కోడలి భర్త బస్సు పెట్టేసి వచ్చి, ఆ చెప్పులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నొక్కేయమన్నది తనే. అది గుర్తొచ్చి తలెత్తలేకపోయాడు. "స్టేషన్‌కి బస్సులో తీసుకెళ్తాను," అన్నాడు. "స్కూలువాళ్ళు ఏమన్నా అననీ."

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ మొదట ఇంతమందికి కుర్చీలు లేవన్నాడు. తర్వాత ఒక్కొక్కరు చెప్తుంటే టేబుల్ మీది ఫ్యాను తనే తిప్పి వాళ్ళవైపు పెట్టాడు. కోడలు చెప్పింది. బట్టల కొట్టు ఆమె చెప్పింది. సంచీ ఆమె చెప్పడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. అందరి తర్వాత కాలేజీ అమ్మాయి వంతు వచ్చింది.

"నీకేం జరిగిందమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాకేమీ జరగలేదండీ," అంది ఆ అమ్మాయి. "జరగకముందే వెనక్కి పిలిచారు."

"ఎవరు?"

"ఈ అక్కవాళ్ళ అత్తగారు."

ఇన్‌స్పెక్టర్ తలూపి, అదీ రాసుకున్నాడు.