నీళ్లు పోసే దుర్గాబాయి

“గీ పిలగాడు ఏడుస్తలేడేందమ్మా?”

ఇంకా చెంబు ముంచనే లేదు. స్నానాల గదిలో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా మడిచి, కాళ్లు చాపుకుంది దుర్గాబాయి. చాపిన కాళ్ల మీద పదకొండు రోజుల మగపిల్లాడు బోర్లా పడుకుని ఉన్నాడు. వీపుకు నూనె రాసింది. తొడలు పిసికింది. చేతులు వెనక్కి తెచ్చి ముందుకు వదిలింది. ఏ బిడ్డయినా ఈపాటికి ఇల్లు ఎగిరేలా ఏడుస్తుంది. వీడు కిమ్మనలేదు.

“బుద్ధిమంతుడే వాడు. రెండ్రోజుల నుంచి అసలు పేచీయే లేదు,” అంది గుమ్మంలో నిలబడ్డ కామేశ్వరమ్మ. ఆమె పిల్లాడి అమ్మమ్మ. “కానియ్యి దుర్గా. తొమ్మిదిన్నరకి పంతులుగారొస్తారు. పురిటి స్నానం ఈలోపే అయిపోవాలి.”

సుచిత్ర చౌరస్తా దాటాక కొత్తగా లేచిన ఈ కాలనీలో దుర్గాబాయికి నాలుగిళ్లు. అందరూ కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్థులే. మేడ్చల్‌లో తొలి బస్సెక్కి వస్తుంది, పిల్లలకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, బాలింతల నడుముకు గుడ్డ బిగించి పోతుంది. పాతికేళ్లుగా ఇదే పని. వేళ్ల చివర్లు నానిన శనగల్లా ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి. ఎడమ ముంజేతి లోపలివైపు చర్మం కమిలి నల్లబడింది; నీళ్ల వేడి అక్కడే చూసుకుంటుంది.

పిల్లాడి అరికాళ్లు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. వెల్లకిలా తిప్పి పొట్ట మీద చెయ్యి పెట్టింది. పొట్టా చల్లగానే ఉంది.

తొమ్మిది రోజుల కిందట ఆమె చేతికి తగిలింది ఈ చల్లదనమే. కూతురు రాధమ్మకు ఏడో నెల దాటీ దాటకముందే ఇంట్లో నొప్పులొచ్చాయి. ఆటో వచ్చేలోపే ఆడపిల్ల పుట్టింది. అరచేతికన్నా కాస్త పెద్దది, ఒంటి నిండా తెల్లటి జిడ్డు. పుట్టిన బిడ్డను జిడ్డుతో ఉంచకూడదని, ఎంతోమందికి చేసినట్టే, వేన్నీళ్లు కాచి శుభ్రంగా రుద్ది కడిగింది. తుడిచేలోపే పాప పెదవులు నీలమయ్యాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. నెలలు నిండని బిడ్డకు చర్మం కింద కొవ్వుండదట. ఒంటి వేడిని నిలుపుకోలేదట. ఊపిరితిత్తులు ముదరలేదు, చీకడానికి బలం లేదు, అందుకే అద్దాల పెట్టె, ముక్కులో గొట్టాలు. కడగకపోయినా పెట్టెలో పెట్టాల్సిన బిడ్డేనని, కడిగినందువల్ల ఇంకా చల్లబడిందని. ఇన్ని మాటల్లో దుర్గాబాయికి ఆ చివరిది ఒక్కటే వినిపించింది. ఎవరు కడిగారని డాక్టరమ్మ అడిగింది. రాధమ్మ తన తల్లి వైపు చూసింది. ఆ చూపు తర్వాత తల్లితో ఒక్క మాట లేదు.

కాలనీలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. కూతురికి నెలలు నిండాయా అని అడిగితే, ఇంకా టైమున్నదని చెబుతూ వచ్చింది. చెబితే ఏ తల్లి తన బిడ్డను ఈ కాళ్ల మీద పడుకోబెడుతుంది? మానేద్దామంటే చేతనైన పని మరొకటి లేదు. చెంబు ఎత్తిన ప్రతిసారీ ఏమవుతుందో, ఏమవుతుందో అనే భయం. కాళ్ల మీది బిడ్డ కేర్‌మంటే గానీ తనకు ఊపిరాడేది కాదు.

పాలు తాగుతున్నాడా అని అడిగింది. రాత్రి నుంచి నోట్లో పెడితే వదిలేస్తున్నాడని పిల్లాడి తల్లి శ్రీదివ్య లోపలి గదిలోంచి చెప్పింది. నిద్రమత్తులో ఉన్నాడని, నీళ్లు పడితే లేస్తాడని కామేశ్వరమ్మ సర్దింది.

దుర్గాబాయి చెంబు పక్కన పెట్టింది. పిల్లాణ్ని కొంగులో చుట్టి గుండెకు ఆనించుకుంది.

“నేను నీళ్లు పొయ్యనమ్మా. దవఖానకు తీస్కపోండ్రి, జల్దీ.”

శుభమా అని పురుడు పెట్టుకుంటే ఇవేం మాటలని కామేశ్వరమ్మ కోప్పడింది. నీళ్లు పోసేవాళ్లు ఊళ్లో నువ్వొక్కదానివే కాదని, పక్క వీధి నుంచి ఇంకొకామెను పిలిపిస్తానని అంది. పిల్లాడి కోసం చేతులు చాచింది. దుర్గాబాయి ఇవ్వలేదు. ఇస్తే ఆ ఇంకొకామె పోస్తుంది. ఇక చెప్పక తప్పలేదు. తల ఎత్తకుండా, ఆ పీట మీదే కూర్చుని చెప్పింది.

“నా బిడ్డకు పుట్టిన పిల్ల అద్దాల పెట్టెల ఉన్నదమ్మా. గిట్లనే సల్లగయింది. నేనే నీళ్లు వోసిన.”

మంచం దిగకూడని శ్రీదివ్య లేచి వచ్చింది. పిల్లాడి పాదం పట్టి చూసింది. ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. ఐదు నిమిషాల్లో పిల్లాడితో, తన నాన్నతో ఆటో ఎక్కింది. ముందుగదిలో పీటలు, పసుపు గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

“ఈ చేతుల్తోనేనా వారం నుంచీ మావాడికి నీళ్లు పోశావు?” అంది కామేశ్వరమ్మ మెల్లగా.

రేపటి నుంచి రావద్దని వేరే చెప్పనక్కర్లేదు. మిగతా మూడిళ్లలోనూ ఫోన్లున్నాయి. దుర్గాబాయి బకెట్లో నీళ్లు పారబోసి, నూనె జారకుండా నేల కడిగి, బయటికొచ్చింది.

మేడ్చల్ వెళ్లి అన్నం వండి, డబ్బా కట్టుకుని, రెండు బస్సులు మారి ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట దాటింది. అద్దాల గది ముందు బెంచీ మీద రాధమ్మ ఒక్కతే ఉంది. లోపల కిటికీ పక్క పెట్టె ఖాళీగా ఉంది. ఆయా దాన్ని తడిగుడ్డతో తుడుస్తోంది. పాప పన్నెండింటికి ముందే పోయిందని, ఊపిరి ఆగింది మళ్లీ రాలేదని బయటికొచ్చి ఆయానే చెప్పింది. అల్లుడు మల్లేశం తెల్లగుడ్డలో చుట్టి శామీర్‌పేటకు, వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. పచ్చి బాలింత పూడ్చేచోటికి రాకూడదని రాధమ్మను ఇక్కడే వదిలాడు.

దుర్గాబాయి బెంచీ రెండో చివర కూర్చుంది. డబ్బా ఒళ్లో పెట్టుకుంది. నా వల్లనేనా అని అడగాలనుకుంది. చివరికి పొద్దుటి పిల్లాడి సంగతి చెప్పింది. ఎందుకు చెబుతోందో తనకే తెలియదు. వాడు ఏడవలేదని, పొయ్యనని అన్నానని, ఆ ఇంట్లో అంతా ఒప్పుకున్నానని, ఇక ఆ కాలనీకి పోయేది లేదని చెప్పింది.

రాధమ్మ గోడనే చూస్తోంది. ఒక నర్సు అటు వెళ్లింది, ఇటు వచ్చింది. ఎవరినో పేరు పెట్టి పిలిస్తే ఎవరో చెప్పుల్లేకుండా పరుగెత్తారు. లోపల ఆయా ఖాళీ పెట్టెలో ఉతికిన గుడ్డ పరిచి, మూలలు సర్దింది. చాలాసేపటికి ఇంకో బిడ్డను తెచ్చి అందులో పడుకోబెట్టారు.

“గా పిలగాన్ని తీస్కపోయిండ్రా మల్ల?” అంది రాధమ్మ.

“తీస్కపోయిండ్రు బిడ్డా. నా కండ్ల ముంగటనే ఆటో ఎక్కిండ్రు.”

రాధమ్మ తల ఊపింది. ఇద్దరి మధ్యా బెంచీ మీద, పన్నెండింటికి పాపకు గొట్టంలో పొయ్యాలని రాధమ్మ పిండిన పాలు, చిన్న స్టీలు గిన్నెలో, పెట్టిన మూత పెట్టినట్టే ఉన్నాయి.